బొగ్గు గని పింఛన్ కదలాలంటే టన్ను లెక్కే దారి

సింగరేణిలో 2000 ప్రాంతంలో రిటైరైన కార్మికుడికి అప్పట్లో నెలకు 2 వేల రూపాయల పింఛన్ కుదిరిందనుకుందాం. ఇవాళ కూడా అతని ఖాతాలో పడేది ఆ 2 వేలే. గ్యాస్ బండ ధర పెరిగింది, బీపీ మాత్రల ధర పెరిగింది, సర్వీసులో ఉన్నవాళ్ల జీతాలు వేజ్ బోర్డు ఒప్పందం కుదిరినప్పుడల్లా పెరిగాయి. పింఛన్ మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. 1998లో వచ్చిన బొగ్గు గనుల పింఛన్ పథకంలో డీఏ లేదు. చివరి పది నెలల సగటు జీతంలో నాలుగో వంతు, అదీ పూర్తి సర్వీసు ఉంటేనే. ఒకసారి లెక్క కట్టాక ఇక అంతే. మూడేళ్లకోసారి సమీక్షించాలని పథకంలో రాసుకున్నారు గానీ, పాత పింఛన్లు పెరిగింది లేదు. ఈపీఎఫ్ పింఛన్‌దారులకు 2014లో వచ్చిన 1000 రూపాయల కనీస మొత్తం బొగ్గు గని వాళ్లదాకా రావడానికి దాదాపు పదేళ్లు పట్టింది.

గేట్ మీటింగుల్లో 'పింఛన్ సవరించాలి' అనని సంఘం లేదు. డబ్బు ఎక్కడినుంచి రావాలన్న దగ్గరే మైకు ఆగిపోతుంది.

చిక్కు అక్కడే ఉంది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేసేవారు, బొగ్గు ఏటా 2 కోట్ల టన్నులు అటూఇటూగా వచ్చేది. ఇప్పుడు పర్మినెంట్ కార్మికులు 40 వేల మంది దాకా ఉంటే, బొగ్గు 7 కోట్ల టన్నులకు చేరింది. అండర్‌గ్రౌండ్ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు వచ్చాయి. షావెళ్లు, డంపర్లు వచ్చాయి. మట్టి తీసే పని కాంట్రాక్టు వాళ్లకు పోయింది. వాళ్లందరికీ సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల భవిష్య నిధి) సరిగా జమవుతోందా అన్నది సంఘాలు ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్నే. అంటే పింఛన్ నిధి మనుషుల జీతాన్ని పట్టుకుని కూర్చుంది, ఆదాయమేమో యంత్రాల వెంట వెళ్లిపోయింది. కట్టేవాళ్లు తగ్గుతూ తీసుకునేవాళ్లు పెరిగే నిధిని జీతంలో కోతతో ఎంతకాలం నిలబెడతారు? 2017 అక్టోబరు నుంచి కార్మికుడి వాటా 7 శాతానికి, యాజమాన్యం వాటా మరో 7 శాతానికి పెంచారు. నిధికి ఊపిరి అందింది, నిజమే. కానీ అది ఇచ్చిన మాట తప్పకుండా ఉండటానికే సరిపోయింది, ముసలివాళ్ల పింఛన్ పెంచడానికి కాదు. ఇంకా పెంచితే కుర్ర కార్మికులు ఊరుకోరు, ఊరుకోమనడం న్యాయమూ కాదు.

అందుకే ఆ తర్వాత బొగ్గు కంపెనీలు పింఛన్ నిధికి కట్టడం మొదలుపెట్టిన టన్నుకు 10 రూపాయల వాటా నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. కోల్ ఇండియా ఏటా తీసే 77 కోట్ల టన్నులకు సింగరేణి 7 కోట్లు కలిపితే, టన్ను మీద పెంచే ప్రతి రూపాయికీ 84 కోట్లు వస్తాయి. జీఎస్టీ వచ్చాక ఇదే బొగ్గు మీద టన్నుకు 400 రూపాయల పరిహార సెస్సు ఏళ్ల తరబడి వసూలైంది. తవ్వినవాడి వంతుకు మాత్రం మొదట రాసింది 10.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1946లో అమెరికా బొగ్గు సమ్మెలో గనులను ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నప్పుడు, కార్మిక నాయకుడు జాన్ ఎల్. లూయిస్ టన్నుకు 5 సెంట్లు సంక్షేమ నిధికి రాయించుకున్నాడు. తర్వాతి ఏళ్లలో ఆ వాటా చాలా పెరిగింది. అయితే ఆ కథ అక్కడితో ఆగలేదు. పెద్ద మొత్తంలో నిధి డబ్బును యూనియన్ సొంత బ్యాంకులో వడ్డీ లేకుండా ఉంచారని 1971లో వాషింగ్టన్ కోర్టు తప్పుపట్టింది. ఇంకా తర్వాత అక్కడ బొగ్గు తగ్గింది, కంపెనీలు దివాలా తీశాయి, పింఛన్ నిధి మునిగే దశకు వచ్చింది. 2019 డిసెంబరులో కాంగ్రెస్ చట్టం చేసి ఖజానా డబ్బు ఇస్తే తప్ప గట్టెక్కలేదు. టన్ను లెక్క టన్నులు ఉన్నంతకాలమే పనిచేస్తుంది. మనకు ఉత్పత్తి పెరుగుతున్న కాలం ఇదే. కూడబెట్టాలంటే ఇప్పుడే కూడబెట్టాలి.

కూడబెట్టింది ఎవరి చేతిలో పెడతారన్నది ఇంకో తలనొప్పి. బొగ్గు గనుల భవిష్య నిధి సంస్థ డీహెచ్ఎఫ్ఎల్ అనే ఇళ్ల రుణాల కంపెనీ బాండ్లలో సుమారు 1,390 కోట్లు పెట్టింది. ఆ కంపెనీ కూలిపోయాక అసలులోనే 727 కోట్లకు పైగా మాఫీ పద్దులో రాసుకోవాల్సి వచ్చింది. అక్కడ యూనియన్ బ్యాంకు, ఇక్కడ హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ. సంఘాల వాళ్లు ఉన్నా, ప్రభుత్వ అధికారులు ఉన్నా, డబ్బు పోయినప్పుడు జవాబు చెప్పేవాడు లేడు. ట్రస్టీల బోర్డులో ప్రభుత్వాలకు, యాజమాన్యాలకు, కార్మిక సంఘాలకు కుర్చీలున్నాయి. రిటైరైనవాడి మాట సంఘం ద్వారా వినిపించాల్సిందే, ఆ సంఘం గుర్తింపు ఎన్నికల్లో అతనికి ఓటు ఉండదు. పింఛన్‌దారులకు నేరుగా కుర్చీ వేయాలి. నిధి విలువ మదింపు నివేదికను గోదావరిఖనిలోనూ కొత్తగూడెంలోనూ చదువుకునేలా తెలుగులో పెట్టాలి. పెట్టుబడి నిర్ణయం మీద ఎవరు సంతకం చేశారో అందులో ఉండాలి.

వచ్చిన డబ్బు పంచడంలోనూ జాగ్రత్త కావాలి. అందరికీ పది శాతం పెంపు అంటే వినడానికి బాగుంటుంది. నిరుడు లక్ష రూపాయల జీతంతో రిటైరైనవాడికి దాంతో 2,500 పెరుగుతుంది, పాతికేళ్ల కిందట రిటైరైనవాడికి 200. అతని భార్యకు వచ్చే వితంతు పింఛన్ అయితే ఇంకా తక్కువ. శాతం పక్కన పెట్టి, ఎంత ముందు రిటైరైతే అంత ఎక్కువ రూపాయలు కలిపే పద్ధతి పెట్టాలి.

వాటా పెంచితే బొగ్గు ధర పెరిగి కరెంటు బిల్లు మీద పడుతుందని జెన్‌కోలు అంటాయి. లెక్క వేసి చూద్దాం. యూనిట్ కరెంటుకు ముప్పావు కిలో అటూఇటూగా బొగ్గు కాలుతుంది. టన్నుకు ఇంకో 20 రూపాయలు వేసి, మొత్తం భారం జనం మీదే తోసినా యూనిట్‌కు పడేది పైసన్నర.