బావమరిది ట్రిగ్గరు

మా బావమరిది డాలస్‌లో ఇల్లు కొని తొమ్మిదేళ్లయింది. ఇన్నాళ్లలో కారుతున్న కుళాయికి ఒక్క వాషర్ వేసిన పాపాన పోలేదు. అలాంటివాడు పోయిన నెల డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి పరిచి, రంగు గుండ్లతో ఒకరినొకరు కొట్టుకునే పెయింట్‌బాల్ ఆట తుపాకీ విప్పాడు. తుపాకీ అనకూడదట, మార్కర్ అనాలట. సరే, మార్కర్.

దానికి ఒక వేలు పట్టే ట్రిగ్గరే ఉంది. ఎంత అన్యాయం! రెండు వేళ్లు పట్టేది తెప్పించి, మెత్తటి స్ప్రింగు వేసి, ఆవకాయ జాడీ మూతలో స్క్రూలు పోసుకుని కూర్చున్నాడు. చూపుడు వేలు, మధ్య వేలు మార్చి మార్చి ఆడించాలి. దాన్ని 'వాకింగ్' అంటారు. ఆ సాధన కారు స్టీరింగ్ మీద సాగింది, పప్పన్నం ముందు సాగింది, చివరికి సత్యనారాయణ వ్రతంలో పీటల మీద కూడా సాగింది. తాళం వేస్తున్నాడనుకుని పంతులుగారు మురిసిపోయారు. మా అత్తగారు మాత్రం నరాల జబ్బేమోనని హోమియో మాత్రలు తెప్పించారు.

1981లో న్యూ హాంప్‌షైర్ అడవిలో 12 మంది ఈ ఆట మొదటిసారి ఆడారు. వాళ్ల చేతుల్లో ఉన్నవి చెట్లకీ పశువులకీ రంగు గుర్తులేసే పిస్టళ్లు. గెలిచిన రిచీ వైట్ అనే ఫారెస్టర్ ఒక్కసారి కూడా పేల్చకుండా జెండాలన్నీ పట్టుకొచ్చాడు. పాపం, డబుల్ ట్రిగ్గర్ లేక ఏదో అలా నెట్టుకొచ్చాడు.

మావాడికి ఆ కొరత లేదు. ట్రిగ్గర్ మారిస్తే గుండు వేగం పెరగదు, గురీ కుదరదు. అయినా సెకనుకు పది కొడతానన్నాడు. అంటే మార్కర్ మీదుండే గుండ్ల డబ్బా, అదే హాపర్‌లోని 200 గుండ్లు 20 సెకన్లలో హుష్‌కాకి! తీరా మైదానంలో, పైనుంచి దొర్లిపడే గుండ్లు ఆ వేగాన్ని అందుకోలేక సగంలో ఇరుక్కుని లోపలే చితికాయి. బారెల్ చీదింది. బూట్ల నిండా పచ్చరంగు.

తుడుచుకుని రెండో ఆటకి దిగాడు. అద్దె మార్కర్ పట్టుకున్న పన్నెండేళ్ల పిల్లాడు ఒక దెబ్బ తగలగానే చెయ్యెత్తి బయటికి నడుస్తున్నాడు. చెయ్యెత్తితే అవుటని ఆ మైదానంలో అందరికీ తెలుసు. వీడు వాడి వీపు మీద ఇంకో ఆరు కొట్టాడు.

"ట్రిగ్గర్ చాలా లైట్‌గా ఉంది బావా, వేలు ఆగలేదు" అన్నాడు.

వేలు ఆగకపోవడమేమిట్రా? నీ వేలు కాదూ? సిగ్గులేదూ చెప్పడానికి? ఆపడం చేతకానివాడికి ఒక వేలే ఎక్కువ, రెండోది ఎందుకు?

పిల్లాడి చొక్కా పైకెత్తి వాళ్లమ్మ వీపు మీద ఎర్రటి బొబ్బలు లెక్కపెడుతోంది. వీడు పార్కింగ్‌లో ఫోన్ తీసి ఇంకా మెత్తటి స్ప్రింగు వెతుకుతున్నాడు.