నవ్వు యాసలో లేదు, దారిలో ఉంది

పల్లెటూరి హాస్య నవల రాయాలనుకునేవాళ్లలో చాలామంది ముందు యాస మీద పడతారు. నిజానికి ముందు తేల్చుకోవాల్సింది దారి. ఊరు దాటాలంటే ఎంతసేపు పడుతుంది, ఎక్కడ ఆగాలి, ఆగినచోట ఎవరు తగులుతారు అన్నది తెలియకపోతే ఎంత చమత్కారంగా రాసినా ఆ ఊరు నాటకం తెర మీద బొమ్మే.

మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. బారిస్టరు చదువుకని బయల్దేరిన పార్వతీశానిది మొగల్తూరు. ఆ రోజుల్లో గోదావరి డెల్టాలో ప్రయాణమంటే కాలవ మీద పడవే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఆ కాలవలు చేలకు నీళ్లతో పాటు మనుషుల్నీ మోశాయి. నీటి మట్టం మారేచోట లాకులు, అంటే ముందూ వెనకా తలుపులున్న నీటి గదులు. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, తూము ఎత్తి, ముందూ లోపలా నీళ్లు ఒక మట్టానికి వచ్చేదాకా ఆగాలి. అంతకుముందే తలుపులు తీద్దామన్నా నీటి బరువుకి అవి కదలవు. ఎంత పెద్దమనిషైనా అంతసేపూ మోకాలికి మోకాలు ఆనించుకుని కూర్చోవాల్సిందే. ఇక మొదలు: "ఎవరబ్బాయివి? మీ మేనమామది ఏ ఊరు? ఇంత పొద్దున్నే ఎక్కడికి ప్రయాణం?" సమాధానం దాచాలనుకున్నవాడికి దిగిపోయే వీలుండదు. హాస్య రచయితకు ఇంతకన్నా ఏం కావాలి! అదే సంభాషణను అరగంటకో బస్సు వచ్చే రోడ్డు మీద పెట్టండి, చప్పబడిపోతుంది.

పార్వతీశం విషయంలో ఇంకో కిటుకు ఉంది. కథ చెప్పేది అతనే. మద్రాసైనా సముద్రమైనా మొగల్తూరు కొలబద్దతోనే కొలుస్తాడు. కొలత తప్పిందని మనకు తెలుస్తుంది, అతనికి తెలియదు. పల్లెను వదిలేసినా నవలలో పల్లె వదలకపోవడానికి కారణం ఇదే.

యాస దగ్గర దెబ్బతినేది మోతాదులో. ప్రతి మాటకీ 'ఆయ్', ప్రతి క్రియకీ 'అండి' తగిలిస్తే గోదావరి రాదు, మిమిక్రీ వస్తుంది. 'ఆయ్' అన్నది ఎదుటివాడి మాటకు ఒప్పుకోలు, వినయం. అడగకుండానే అంటే అబద్ధంలా వినిపిస్తుంది. సంభాషణలో ఒక వాక్యానికి ఒకటి రెండు యాస గుర్తులు చాలు. మిగతా పని వాక్యం నడక చేస్తుంది.

అసలు చిక్కు మరోటి. కథనం పత్రికా భాషలో నడుస్తూ పాత్రలు మాత్రమే యాసలో మాట్లాడితే, రచయిత అరుగు మీద కూర్చుని కిందివాళ్లను చూసి నవ్వుతున్నట్టుంటుంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా' కథల్లో ఆ అరుగే తీసేశాడు. అవి నవల కాదు గానీ పాఠం ఒకటే. కథ చెప్పే పిల్లవాడూ చిత్తూరు మాటే మాట్లాడతాడు, అందుకే ఇంట్లో లేమి మీద వచ్చే నవ్వు కూడా ఎగతాళి కాదు.

పార్వతీశం తర్వాతి భాగాల్లో నవ్వు పలచబడిందని పాఠకులు అనేది కూడా ఇక్కడే ముడిపడుతుంది. అతను చదువుకున్నాడు, తిరిగొచ్చాడు, లోకం తెలిసింది. మొగల్తూరు కొలబద్ద ఎక్కడో జారవిడిచాడు.