అర్జీలో అసలు తప్పు

ఆంధ్ర సరిహద్దులోని ఒడిశా పట్టణం పర్లాకిమిడిలో మా వీధి బడిలో తెలుగు చెప్పే ఉపాధ్యాయురాలు పదవీ విరమణ చేశాక ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. తల్లిదండ్రులం కలిసి ఒడియాలో అర్జీ పెట్టాం. ఇంట్లో తెలుగు మాట్లాడే మాకు కచేరీ ఒడియా అంత సులువుగా రాదు కాబట్టి మా అమ్మాయి ఏఐ సాయం తీసుకుంది. అధికారి మొదటి పేరా చూసి, "ఇది మీరు రాసింది కాదు" అని కాగితం పక్కన పెట్టేశారు. ఖాళీ ఉందా, లేదా అని మాటవరసకైనా అడగలేదు.

ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. కచేరీల ముందు చెట్టు కింద బల్ల వేసుకుని అర్జీలు రాసిపెట్టేవారిని తరతరాలుగా చూస్తున్నాం. వేలిముద్ర వేసిన రైతుకు ఆ భాష రాదని అందరికీ తెలుసు. అయినా సర్వే నంబరు సరిచూశారే గానీ, రాసిన చేయి ఎవరిదని కాగితం తిప్పి పంపలేదు.

నిజానికి మా అర్జీలో ఒక తప్పుంది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యాలు కల్పించాలని చెప్పే రాజ్యాంగ అధికరణం 350ఎ. అర్జీలో 350బి అని పడింది. అది భాషా అల్పసంఖ్యాకుల ప్రత్యేకాధికారికి సంబంధించినది. రెండూ 1956లో ఏడో సవరణతో చేరినవే. ఇంటికొచ్చి వాక్యం వాక్యం సరిచూస్తే నాకు దొరికింది. ఏఐ రాసిందని అనుమానించిన మనిషి మరింత శ్రద్ధగా చదివి ఉంటే ఆయనకే దొరికేది.

ఏఐ లేని కేసులనూ పుట్టిస్తుంది, కాదనను. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పులను కోర్టుకు సమర్పించారు. ఎదుటి పక్షం వెతికితే అవి ఎక్కడా లేవు. 5,000 డాలర్ల జరిమానా పడింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏఐ రాతను పసిగట్టే సాధనాలను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివారు సొంతంగా రాసిన టోఫెల్ (ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్ష) వ్యాసాల్లో సగటున 61 శాతాన్ని అవి యంత్రం ఖాతాలో వేశాయి. రాని భాషలో, తెలిసిన నాలుగు మాటలతో ఆచితూచి రాసేవారి మీదే ఈ నింద ఎక్కువగా పడుతుంది. ఇంట్లో ఒక భాష, కచేరీలో ఒక భాషగా బతికే సరిహద్దు జనానికి ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

సంతకం చేసినవాళ్లం ప్రతి మాటకూ మేమే బాధ్యులం. 350బి కొట్టేసి 350ఎ అని పెన్నుతో దిద్దాం. ఖాళీ ఏర్పడిన తేదీ, తరగతి వారీగా తెలుగు చదివే పిల్లల సంఖ్య జతచేశాం. సోమవారం మళ్లీ వెళ్తున్నాం. అందులో ఏది తప్పో చూపించమని అడుగుతాం.