విచారణ గదిలో, నిర్ణయం నలుగురి ముందు

గుంటూరులో ఒక అర్జీల రోజున మా వీధిలో ఉండే మాజీ సైనికుడికి తోడుగా వెళ్లాను. వయసు 65 దాటింది, పెన్షన్‌కి కావాల్సిన 15 ఏళ్ల సర్వీసు నిండకుండానే ఇంటికి వచ్చేసిన మనిషి, అందుకే నెలనెలా సాయం కోసం అర్జీ రాసుకున్నారు. వెనక జనం క్యూలో నిలబడి ఉండగానే అధికారి మైకులో అడగడం మొదలుపెట్టారు: ఏం జబ్బు, రాత్రుళ్లు నిద్ర పడుతోందా, కొడుకులు చూడట్లేదా? పక్కన ఎవరో ఫోన్లో వీడియో తీస్తున్నారు. ఆయన "ఏం లేదు సార్, బాగానే ఉన్నాను" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

అలాగని తలుపులన్నీ వేసేయమని నేను అనను. మాజీ సైనికుల సంక్షేమం చూడటానికి కలెక్టర్ అధ్యక్షుడిగా జిల్లా సైనిక బోర్డు ఉంటుంది, అక్కడ తేలేది ప్రజల డబ్బు. ఎంతమందికి ఇచ్చారు, ఎవరిది ఎందుకు ఆపారు, ఎన్ని నెలలు ఫైలు కదల్లేదు అనేది మూసిన గదిలోనే తేలితే పలుకుబడి ఉన్నవాడి పని ముందు అవుతుంది. వన్ ర్యాంక్ వన్ పెన్షన్ (ఎప్పుడు రిటైరైనా ఒకే ర్యాంకు, ఒకే సర్వీసుకు ఒకే పెన్షన్) బకాయిల కేసులో 2023 మార్చిలో కేంద్రం సీల్డ్ కవర్‌లో, అంటే జడ్జీలు తప్ప ఎదుటి పక్షం చూడకుండా, ఇచ్చిన నోట్‌ని సుప్రీంకోర్టు తీసుకోలేదు. అది నాకు చాలా నచ్చింది, ఎందుకంటే అక్కడ దాచబోయింది ఏ సిపాయి జబ్బునో కాదు, ప్రభుత్వం ఎప్పుడు ఎంత చెల్లిస్తుందన్న సంగతిని.

అమెరికాలో ఒహాయో రాష్ట్రం దీనికి ఒక దారి వేసుకుంది. అక్కడి మాజీ సైనికుల కమిషన్ ఆర్థిక సాయం అడిగినవాళ్లతో మాట్లాడేటప్పుడు తలుపు వేయాలి, అర్జీదారు తనంతట తాను బహిరంగంగా కావాలంటే తప్ప. ఇవ్వాలా వద్దా అన్న ఓటు మాత్రం బహిరంగ సమావేశంలోనే. ఇంతవరకు బాగుంది. కానీ మినిట్స్‌లో, అంటే సమావేశం రికార్డులో, పేరు, చిరునామా, వృత్తి, ఇచ్చిన మొత్తం కూడా రాయాలి. ఆ పేరూ చిరునామా మన ఊళ్లో పెడితే సాయంత్రానికి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి, పెళ్లి సంబంధాల దాకా పోతాయి. అంతవరకు మనకొద్దు, అర్జీ నంబరు చాలు.

మనకున్న చట్టం కూడా తక్కువదేం కాదు. కమిటీల సమావేశాలకు జనం రావచ్చా, మినిట్స్ చూడవచ్చా అన్నది అడక్కముందే చెప్పాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ అంటోంది. దాచాల్సిన భాగం తీసేసి మిగతాది ఇవ్వమని పదో సెక్షన్ ఉంది. నాకున్న టెన్షన్ వేరే. 2023 డేటా రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం ఎప్పుడు ఇవ్వక్కర్లేదో చెప్పే 8(1)(జె)ని కుదించి, వ్యక్తిగత సమాచారం అయితే చాలు, ఇవ్వక్కర్లేదన్నట్టు మార్చింది. ప్రజా ప్రయోజనం కోసం ఇవ్వొచ్చన్న 8(2) ఇంకా ఉన్నా, దాన్ని వాడాలంటే అధికారికి మనసుండాలి. ఇక మా వీధి పెద్దాయన జబ్బు మైకులో వినిపిస్తూనే ఉంటుంది, ఫైలు ఎందుకు ఆగిందని అడిగితే మాత్రం ప్రైవసీ అంటారు. సరిగ్గా తలకిందులు.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. అర్జీల రోజున ఒక చిన్న గది, మైకు లేకుండా, ఫోన్లు బయటపెట్టి, సైనిక సంక్షేమం చూసే ఒక ఉద్యోగి. సాయంత్రం నోటీసు బోర్డు మీద అర్జీ నంబరు, తేదీ, ఇచ్చారో లేదో, ఎంత, ఇవ్వకపోతే ఏ నిబంధన కింద. ఆ గది ఉంటే చెప్పు, మళ్లీ వస్తానన్నారు మా వీధి పెద్దాయన. మడిచిన అర్జీ ఇంకా ఆయన దగ్గరే ఉంది.