యు-505: పట్టుకున్నాక దాచిన కథ

రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1944 జూన్ 4న, పశ్చిమాఫ్రికా తీరానికి దూరంగా అట్లాంటిక్ సముద్రంలో అమెరికా నౌకాదళం యు-505 అనే జర్మన్ జలాంతర్గామిని మునిగిపోనివ్వకుండా చేజిక్కించుకుంది. 1815 తర్వాత ఆ దళం నడిసముద్రంలో శత్రువు యుద్ధనౌకను పట్టుకోవడం అదే మొదటిసారి. ఈ ఘటనను తలచుకునేవారు సాధారణంగా ఆనాటి సాహసాన్నే కొనియాడతారు. ఆ పొగడ్తకు అది తగినదే. అయితే ఆ తర్వాత దాదాపు పదకొండు నెలలు ఈ విషయాన్ని దాచిపెట్టిన తీరు, అందుకు చెల్లించిన మూల్యం గురించే మనం ఎక్కువగా ఆలోచించాలని నా అభిప్రాయం.

ఇది అదృష్టవశాత్తూ దొరికిన విజయం కాదు. గ్వాడల్‌కెనాల్ అనే విమానవాహక నౌకకు, దాని వెంట ఉండే రక్షక నౌకలకు నాయకుడైన కెప్టెన్ డేనియల్ గ్యాలరీ, అదే ఏడాది ఏప్రిల్‌లో యు-515 అనే మరో జర్మన్ జలాంతర్గామి పైకి తేలి మునిగిపోవడం కళ్లారా చూశాడు. మళ్లీ అలాంటి అవకాశం వస్తే లోపలికి దిగాలని నిశ్చయించుకుని, ప్రతి నౌకలోనూ కొందరిని ముందే సిద్ధం చేశాడు. జూన్ 4న షాటెలెయిన్ అనే రక్షక నౌక వేసిన డెప్త్ చార్జ్ బాంబులకు యు-505 నిమిషాల్లోనే పైకి వచ్చింది. చుక్కాని బిగుసుకుపోవడంతో గుండ్రంగా తిరుగుతున్న ఆ నౌకను సిబ్బంది విడిచి సముద్రంలోకి దూకారు. పిల్స్‌బరీ అనే మరో రక్షక నౌక నుంచి చిన్న పడవలో వెళ్లిన లెఫ్టినెంట్ ఆల్బర్ట్ డేవిడ్ బృందం, లోపల పేలుడు పదార్థాలు అమర్చి ఉండవచ్చని తెలిసి కూడా దిగింది. విశాఖ బీచ్‌లో కురుసుర లోపల నడిచి చూసినవారికి అక్కడి ఇరుకు ఎలాంటిదో తెలుసు. అలాంటి ఇరుకులో, నీరు చేరి నౌక వెనుక భాగం కిందికి ఒరిగిపోతుండగా, జెనాన్ లుకోసియస్ అనే నావికుడు నీళ్లు వచ్చిపడుతున్న రంధ్రాన్ని, దాని మూతను వెతికి పట్టుకుని బిగించాడు. డేవిడ్‌కు అమెరికా అత్యున్నత సైనిక పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్ ప్రకటించారు. దాన్ని అందుకోకముందే, 1945 సెప్టెంబరులో ఆయన మరణించాడు.

లోపల సందేశాలను రహస్య సంకేతాల్లోకి మార్చే రెండు ఎనిగ్మా యంత్రాలు, సుమారు 400 కిలోల సంకేత పుస్తకాలు, పత్రాలు, శబ్దాన్ని బట్టి లక్ష్యాన్ని వెతుక్కుంటూ వెళ్లే టార్పెడోలు దొరికాయి. అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. జర్మన్ నౌకాదళ సందేశాలను మిత్రదేశాలు అప్పటికే చదువుతున్నాయి. యు-505 జాడ తెలియడానికి కూడా ఆ సమాచారమే తోడ్పడింది. నౌక పట్టుబడిందన్న వార్త బెర్లిన్‌కు చేరితే సంకేతాలన్నీ మారిపోయేవి, అదీ ఫ్రాన్స్ తీరంలో మిత్రదేశాలు జరపబోయే నార్మండీ దాడికి సరిగ్గా రెండు రోజుల ముందు. నౌకాదళాధిపతి అడ్మిరల్ ఎర్నెస్ట్ కింగ్ గ్యాలరీని కోర్టు మార్షల్ చేయాలన్నంతగా మండిపడ్డాడని చెబుతారు. ఆ కోపంలో న్యాయం లేదనలేం. ఆ గండం గట్టెక్కడానికి కారణం సుమారు మూడు వేల మంది నావికులు ఇచ్చిన మాట మీద నిలబడటమే. కన్నవాళ్లకు కూడా చెప్పుకోకుండా వాళ్లు ఆ రహస్యాన్ని కాపాడారు. యు-505ను బెర్ముడాకు లాక్కెళ్లి అక్కడే దాచారు.

మూల్యం మాత్రం వేరేవాళ్లు చెల్లించారు. ప్రాణాలతో దొరికిన 58 మంది జర్మన్లను లూసియానాలోని రస్టన్ శిబిరంలో ఇతర ఖైదీలతో కలవనివ్వకుండా ఉంచారు. రెడ్‌క్రాస్‌కు వారి సంగతి తెలియనివ్వలేదు. బతికే ఉన్నామని ఇంటికి ఉత్తరం రాసుకునే హక్కును 1929 నాటి జెనీవా ఒప్పందం యుద్ధ ఖైదీకి ఇచ్చింది. వీరికి మాత్రం అది దక్కలేదు. జర్మనీలోని కుటుంబాలకు వీరు చనిపోయారన్న కబురే అందింది. వేలాది ప్రాణాలు ఆధారపడి ఉన్న రహస్యం కనుక ఆ నిర్ణయాన్ని నేను అర్థం చేసుకోగలను, కానీ దాన్ని తప్పు కాదని మాత్రం అనలేను. జరిగినది ఒప్పంద ఉల్లంఘన అని స్పష్టంగా చెబుతూనే దాని అవసరాన్ని వివరించాలి. పట్టివేతను వర్ణించడానికి పేజీలు కేటాయించే రచనలు చాలావరకు ఈ శిబిరాన్ని రెండు వాక్యాల్లో దాటేయడం నాకు బాధ కలిగిస్తుంది.

యుద్ధం ముగిశాక యు-505 అమెరికాలోని పోర్ట్స్‌మత్ నౌకాశ్రయంలో తుప్పు పట్టి, ఫిరంగుల సాధనకు లక్ష్యంగా మారే దశకు వచ్చింది. గ్యాలరీ సొంత ఊరైన షికాగో దాన్ని కాపాడింది. 1954లో మహాసరస్సుల మీదుగా తెచ్చి, రోడ్డు దాటించి, సైన్స్ మ్యూజియం పక్కన నిలిపి, అట్లాంటిక్ పోరులో మరణించిన అమెరికన్ నావికుల స్మారకంగా అంకితం చేశారు. లోపల పోయిన విడిభాగాల కోసం మ్యూజియం రాసినప్పుడు, వాటిని మొదట తయారుచేసిన జర్మన్ కంపెనీలు ఉచితంగానే పంపాయి. ఆ నౌక అక్కడికి చేరినందుకు విచారిస్తూనే, ఎలాగూ అక్కడ ఉండబోతోంది కనుక తమ పనితనానికి గౌరవం తెచ్చేలా ఉండాలని అవి కోరుకున్నాయి.