దొంగకు తలుపు తీసి, దొరను లేపి

ఫ్రిజ్ పాడైందని కంపెనీ పేరు, 'సర్వీస్ సెంటర్', ఊరి పేరు కలిపి గూగుల్‌లో వెతకండి. ఆ మూడూ అతికించి పేరు పెట్టుకున్న వెబ్‌సైట్లు వరస కడతాయి. వాటిలో కంపెనీ గుర్తింపు ఉన్నవి ఏవో, లేనివి ఏవో డబ్బు చేతులు మారాక గానీ తేలదు. మోసగాళ్ల సంగతి పోలీసులు చూడాలి. నిజంగా రిపేర్లు చేసుకు బతికే మెకానిక్కూ అలాంటి పేరే కొని లీగల్ నోటీసు కొనితెచ్చుకుంటున్నాడు. అతనికి ఆ పేరు అమ్మిందెవరు?

డొమైన్ రిజిస్ట్రార్లు, అంటే వెబ్‌సైట్ల పేర్లు (డొమైన్లు) అమ్మే సంస్థలు. 'అందుబాటులో ఉంది' అని పచ్చగుర్తు పెట్టి మరీ అమ్మారు. అందుబాటు అంటే ఇంకెవరూ కొనలేదని. వాడుకునే హక్కు ఉందని కాదు. ఈ తేడా అమ్మేవారికి తెలుసు, కొనేవాడికి తెలియదు.

చట్టం ఎప్పుడో తేల్చిన విషయమిది. 1999లో 'యాహూఇండియా డాట్‌కామ్' కేసులో ఢిల్లీ హైకోర్టు, 2004లో ఇంటర్నెట్ సంస్థ సిఫీ కేసులో సుప్రీంకోర్టు డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్కు రక్షణ వర్తిస్తుందన్నాయి. 'ఆ కంపెనీతో మాకు సంబంధం లేదు' అని పేజీ అడుగున రాసుకున్నా చెల్లదని యాహూ తీర్పే చెప్పింది. ట్రేడ్‌మార్కుల చట్టం 30వ సెక్షన్ కింద 'ఫలానా కంపెనీ ఏసీలు బాగుచేస్తాం' అని సైటు లోపల నిజాయతీగా రాసుకోవచ్చు. డొమైన్ మాత్రం సొంత దుకాణం పేరు మీదే ఉండాలి. కాదంటే 134వ సెక్షన్ ఉంది: కంపెనీ సాధారణంగా తన ఊరి కోర్టులోనే దావా వేయగలదు, గుంటూరు మెకానిక్ ఢిల్లీ రైలెక్కాలి. డాట్‌కామ్ పేరు మీద కంపెనీ అంతర్జాతీయ ఫిర్యాదుకు వెళితే జవాబుకు 20 రోజులే గడువు. కంగారులో 'ఇంత ఇస్తే వదిలేస్తా' అని బేరం పెడితే ఆ ఈమెయిలే దురుద్దేశానికి సాక్ష్యం. 'జియోహాట్‌స్టార్' పేరు ముందే కొని, 2024లో రిలయన్స్‌ను చదువు ఖర్చు అడిగిన కుర్రాడి ఉదంతం చాలామందికి సరదా వార్త అయింది. న్యాయవాదులకు కాలేదు.

లక్షల ట్రేడ్‌మార్కులతో ప్రతి పేరునూ పోల్చలేం, మేం మధ్యవర్తులం మాత్రమే అంటారు రిజిస్ట్రార్లు. కొంత నిజమే కావచ్చు. మరి కోరిన పేరు దొరక్కపోతే దాన్ని పోలిన పేర్లు అప్పటికప్పుడు అల్లి, ధర కట్టి చూపిస్తున్నదెవరు? లాభానికి ఇలా పేర్లు సూచించేవారు మధ్యవర్తి ముసుగులో తప్పించుకోలేరని 2022లో స్నాప్‌డీల్ కేసులో ఢిల్లీ హైకోర్టు గట్టిగానే హెచ్చరించింది. బ్రాండు పేరును ఎవరైనా కొంటే కనిపెట్టి చెబుతామని, కొనకుండా అడ్డుకుంటామని కంపెనీల దగ్గరా డబ్బు తీసుకునే రిజిస్ట్రార్లున్నారు. కంపెనీ డబ్బు కడితే కుదిరే పోలిక మెకానిక్ దగ్గరికొచ్చేసరికి ఎందుకు కుదరదు?

డాట్ ఇన్ పేర్ల పెత్తనం నిక్సీది (నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా). డబ్బు కట్టే ముందు, 'ఈ పేరులో నమోదైన ట్రేడ్‌మార్కు ఉంది, కేసు పడవచ్చు' అని కొనేవాడి భాషలో చూపాలని అది షరతు పెట్టవచ్చు. కొన్ని వందల రూపాయల అమ్మకం పోతుందన్న బెంగ తప్ప రిజిస్ట్రార్లకు ఇంకే అభ్యంతరం ఉందో నిక్సీ అయినా అడిగి చెప్పాలి.