దాచిపెట్టిన రెండు

మా వాడికి ఏపీ ఫిజిక్స్‌లో రెండు వచ్చింది.

ఇండియాలో ఉన్న మా అమ్మకి ఫోన్లో చెబితే, "వాడు ఆంధ్రప్రదేశ్‌లో ఫిజిక్స్ ఎప్పుడు చదివాడ్రా?" అంది. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అని, అమెరికాలో హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి పాఠాలు చదివి మే నెలలో పరీక్ష రాస్తారని, స్కోరు ఒకటి నుంచి అయిదు వరకే ఉంటుందని వివరించాను. "అయిదుకి రెండంటే నూటికి నలభై. ముప్ఫై అయిదు దాటింది, పాసే కదా!" అని తెగ సంతోషపడి ఫోన్ పెట్టేసింది.

ఆ సంతోషం మాకు దక్కలేదు. పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డు ఒక్కో అంకెకి ఒక్కో మాట తగిలించింది. మూడు వస్తే ‘అర్హుడు’. ఒకటి వస్తే ‘సిఫారసు లేదు’. రెండు వస్తే ‘అర్హుడు కావచ్చు’. ఒకటి వచ్చినవాడు ఓ పూట ఏడ్చి ఊరుకుంటాడు. ఈ ‘కావచ్చు’తో ఏం చేసుకోవాలి? ‘అక్కడక్కడ వర్షం పడవచ్చు’ అన్నట్టుంది. గొడుగు పట్టుకెళ్లాలో వద్దో తెలియదు.

జూలైలో వచ్చిన ఈ రెండుని అక్టోబరు దాకా ఎవరం ఎత్తలేదు. కాలేజీ అప్లికేషన్ల కోసం కామన్ యాప్ (చాలా కాలేజీలకి ఒకే చోట అప్లై చేసే వెబ్‌సైట్) తెరిచాక అసలు కథ మొదలైంది. అందులో ‘మీరు ఎన్ని ఏపీ పరీక్షల స్కోర్లు చెప్పదలచుకున్నారు?’ అని ఓ ప్రశ్న ఉంటుంది. ఎన్ని రాశారు అని కాదు, ఎన్ని చెప్పదలచుకున్నారు అని. ఇంత మర్యాదగా నన్ను జీవితంలో ఎవరూ ఏదీ అడగలేదు. మా వాడు రాసినవి మూడు. కాలిక్యులస్‌లో అయిదు, కంప్యూటర్ సైన్స్‌లో నాలుగు, మూడోది ఇది.

"రెండే అని కొట్టు," అన్నాను.

"క్లాసులో ‘ఎ’ గ్రేడ్ వచ్చిందిగా నాన్నా. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఏపీ ఫిజిక్స్ అని కనిపిస్తుంది. పరీక్ష స్కోరు లేకపోతే, ఎందుకు లేదని అనుకోరా?"

"పరీక్ష రోజు జ్వరం వచ్చిందనుకుంటారు."

"మీ బయోడేటా చూసి మా నాన్న కూడా అలాగే అనుకున్నారు," అంది మా ఆవిడ కూరగాయలు తరుగుతూ. ఇంజనీరింగ్‌లో నాకున్న రెండు బ్యాక్‌లాగ్‌ల సంగతి ఆవిడకి పెళ్లయిన ఏడో నెలలో తెలిసింది. మా అమ్మే నోరు జారింది. ఇరవై ఏళ్లుగా ఆ సబ్జెక్టులు మా ఇంట్లో అవసరానికి తగ్గట్టు బయటికి వస్తూనే ఉన్నాయి.

స్పీకర్లో ఉన్న మా బావమరిది అందుకున్నాడు. వాళ్లమ్మాయి మావాడికంటే ఒక తరగతి తక్కువ. దాంతో మా ఇంట్లో జరిగేదంతా ఆయనకి మాక్ టెస్ట్. "బావా, చెప్పడం చెప్పకపోవడం మన ఇష్టమే. ఆప్షనల్ అని రాస్తారు కదా!"

ఈ ఆప్షనల్ అనే మాట మీద నాకెప్పటినుంచో అనుమానం. శుభలేఖ కింద ‘మీ ఆశీస్సులే మాకు కానుకలు’ అని అచ్చు వేయించినవాళ్లింటికి చేతులూపుకుంటూ ఎవరైనా వెళ్తారా? కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష స్కోరు సంగతీ అంతే. కరోనా రోజుల్లో చాలా కాలేజీలు ఆప్షనల్ అన్నాయి. 2022లో ఎమ్‌ఐటీ మళ్లీ కావాలంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వాళ్లయితే ఇచ్చినా ‘మేం చూడం’ అంటారు. యేల్‌ది ఇంకో పద్ధతి. శాట్ బదులు ఏపీ స్కోర్లు ఇవ్వొచ్చు, కానీ ఇస్తే అప్పటిదాకా రాసినవన్నీ ఇవ్వాలి. అక్కడ మన రెండుకి దాక్కునే చోటే లేదు. ఇవన్నీ నేను ఎక్సెల్ షీట్లో ఎక్కించాను. చెప్పాల్సిన చోట ఆకుపచ్చ, దాచాల్సిన చోట ఎరుపు, తేలనిచోట పసుపు. చివరికి చూస్తే షీటంతా పసుపు కొమ్ములు ఆరబోసినట్టుంది.

మూడు ఆదివారాలు ఇలాగే గడిచాయి. అప్లికేషన్‌తో పంపాల్సిన 650 మాటల వ్యాసం మావాడికి ఇంకా సగంలోనే ఉంది. దాని పేరెత్తినవాడు లేడు. నేను మాత్రం రాత్రిపూట దుప్పట్లో పడుకుని ‘కావచ్చు’ గురించి ఆలోచించేవాణ్ణి.

ఓ కాలేజీకి నవంబరు ఒకటో తేదీ గడువు. మావాడికి ఎంతో ఇష్టమైన కాలేజీ అది. రెండు రోజుల ముందు కుటుంబమంతా కూర్చుని తీర్మానం చేశాం: దాచేద్దాం. మావాడు డ్రాప్‌డౌన్‌లో ‘2’ నొక్కాడు. ఫిజిక్స్ లేకుండా రెండు వరుసలే తెరుచుకున్నాయి. నా గుండెల మీద నుంచి రుబ్బురోలు దించినట్టయింది. కాఫీ పెట్టమన్నాను.

కాఫీ పొంగేలోపు మావాడు, "నాన్నా, జూన్‌లో మనం ఓ కాలేజీ పేరు పెట్టాం, గుర్తుందా?" అన్నాడు.

"ఏం పేరు?"

"అదే, ఫ్రీ అన్నావు కదా."

గుర్తొచ్చింది. ఏపీ రాసినవాళ్లు ఏటా జూన్ 20 లోపు ఓ కాలేజీని ఎంచుకుంటే, కాలేజ్ బోర్డే వాళ్లకి స్కోర్లు ఉచితంగా పంపిస్తుంది. ఆ తర్వాత పంపాలంటే డబ్బు కట్టాలి. ఆ ఆఖరు తేదీ రాత్రి మావాడు నిద్రపోతుంటే లేపి, లాప్‌టాప్ ఒళ్లో పెట్టి, "ఫ్రీగా వస్తే ఎవడైనా వదులుకుంటాడా? నీకు బాగా నచ్చిన కాలేజీ పేరు కొట్టు," అని దగ్గరుండి కొట్టించినవాణ్ణి నేనే. పదిహేను డాలర్లు మిగిల్చానని మర్నాడు మా ఆవిడకి రెండుసార్లు చెప్పుకున్నాను కూడా.

"మంచి స్కోర్లు మాత్రమే వెళ్తాయేమో?" అన్నాను, గొంతు నాకే వినపడనంతగా.

"అన్నీ వెళ్తాయి. వద్దనుకుంటే జూన్ 15 లోపే పది డాలర్లు కట్టి ఆపించుకోవాలి."

"జూన్ 15 నాటికి స్కోర్లే రావు కదరా!"

"అవును."

అంటే మేం మూడు ఆదివారాలు తలుపులేసుకుని దాచిన రెండు, జూలైలోనే మా కంటే ముందు ఆ కాలేజీ గడప తొక్కి ఉంటుంది. నా ఖర్చు లేకుండా.

మా ఆవిడ కాఫీ గ్లాసు నా ముందు పెట్టి ఏమీ అనలేదు. అనకపోవడంలో ఆవిడ చాలా పైకి ఎదిగింది. మావాడు డ్రాప్‌డౌన్‌లో ‘2’ తీసి ‘3’ నొక్కాడు. కింద కొత్త వరుస తెరుచుకుంది.

"స్కోరు ఎంత వెయ్యను?"

"వెక్కిరించకు. కొట్టు."

అప్పుడే ఫోన్ మోగింది. బావమరిది. "బావా, అప్లికేషన్ పంపించేశారా? అన్నట్టు మా అమ్మాయి వచ్చే మేలో ఫిజిక్స్ రాస్తోంది. ఏటా ఓ కాలేజీకి ఫ్రీగా పంపిస్తారట కదా. మనమూ వాడేసుకుందామా?"

నేను ఫోన్ మ్యూట్‌లో పెట్టి మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ చెయ్యి తుడుచుకుని వచ్చి, అన్‌మ్యూట్ చేసి, తాపీగా కుర్చీ లాక్కుంది.